ఎస్ప్రెసో మెషీన్ వేడెక్కడం లేదా? హీటర్ కొనే ముందు ఇవి చూడండి

తిరుపతిలో ఇప్పుడు ఇళ్ళల్లోకి ఎస్ప్రెసో మెషీన్లు బాగానే వచ్చాయి. కొన్ని ఇక్కడే కొన్నవి, కొన్ని అమెరికా నుంచి పిల్లలు సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చినవి. పాడైనప్పుడే వస్తుంది తంటా. సర్వీసుకని అడిగితే చెన్నైకో బెంగళూరుకో పంపమంటారు. వీధి చివర మిక్సీలు, గీజర్లు బాగుచేసే అతనికి చూపిస్తే "ఇది మన వల్ల కాదునా" అని చేతులెత్తేస్తాడు. అతను అంత భయపడక్కర్లేదు. వేడెక్కే భాగం వరకు చూస్తే ఇందులో ఉండేది ఒక హీటింగ్ కాయిల్, దాన్ని ఆపుతూ ఆన్ చేస్తూ ఉండే థర్మోస్టాట్, అది మొరాయిస్తే కాపాడడానికి ఒక థర్మల్ ఫ్యూజ్. కరెంటు ఈ మూడింటి గుండా వరుసగా వెళ్తుంది కాబట్టి ఏ ఒక్కటి తెగినా వేడి రాదు. తెగింది ఏదో చాలాసార్లు మూత విప్పకముందే అంచనా వేయొచ్చు. అది తెలియకుండా "హీటర్ పోయుంటుంది" అని ముందే ఖరీదైన ముక్క కొనేయడం డబ్బు దండగ.

వేడెక్కడం లేదా, మన నాలుకకు చాలడం లేదా?

ఇది ముందు తేల్చుకోవాలి. పొగలు కక్కే ఫిల్టర్ కాఫీని గ్లాసు, డబరాల మధ్య ఎత్తి పోసుకుని తాగే ఊరు మనది. మరిగిన పాలు పోస్తాం. ఎస్ప్రెసోలో నీళ్ళు పొడిని తాకేటప్పుడు 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ ఉంటాయి. కానీ కప్పులో పడేది దాదాపు 30 మిల్లీలీటర్లే. చల్లటి పింగాణీ కప్పులో పడగానే ఆ వేడి సగం కప్పే లాగేసుకుంటుంది. పాలను కూడా 60, 65 డిగ్రీల దగ్గరే ఆపమని చెబుతారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒక గుక్క తాగి "ఇదేం కాఫీరా, చల్లారిపోయింది" అంటే మెషీన్ తప్పేమీ లేదు.

తేల్చుకోవడం సులభం. మెషీన్ ఆన్ చేసి, పిడి ఉన్న గిన్నెను, అంటే పోర్టాఫిల్టర్‌ను, ఖాళీగా తగిలించి ఒక పావుగంట వదిలేయండి. తర్వాత వట్టి నీళ్ళు కప్పులోకి వదిలి, ఆ నీళ్ళు పారబోసి, అదే వేడి కప్పులో కాఫీ దించండి. అప్పుడు బాగుంటే రిపేరు లేదు. చిన్న థర్మోబ్లాక్ మెషీన్లు, అంటే బాయిలర్ బదులు నీళ్ళు పారుతుండగానే కాచేవి, నిమిషంలోపే సిద్ధం అంటాయి గానీ చుట్టూ ఉన్న లోహం వేడెక్కడానికి అంతకంటే చాలా సేపు పడుతుంది. పావుగంట తర్వాత కూడా ఆ గిన్నె చేతికి చల్లగానే తగిలితే, స్టీమ్ పైపు తిప్పితే ఆవిరికి బదులు నీళ్ళు కారితే, అప్పుడు నిజంగానే ఏదో పోయింది.

లైటు కూడా వెలగడం లేదు

ముందు గోడ చూడండి, తర్వాత మెషీన్. ఇలాంటి మెషీన్లు చాలావరకు 1000 నుంచి 1500 వాట్ల మధ్య ఉంటాయి. 1350 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 6 ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్లు పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్టుకు అది అంచు మీద నడక. గీజర్‌కూ ఏసీకీ వాడే 16 ఆంపియర్ల సాకెట్టే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు. పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగితే, ముట్టుకుంటే కాలితే, లోపం అక్కడే ఉంది.

సాకెట్ ఇన్వర్టర్ లైనులో ఉందేమో కూడా చూడండి. ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టిన చిన్న ఇన్వర్టర్ ఇంత లోడు మోయలేదు, ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది.

యూరప్ నుంచి తెచ్చిన మెషీన్లకు రెండు గుండ్రటి పిన్నుల లావుపాటి ప్లగ్గు ఉంటుంది. అది మన సాకెట్లో ఎలాగోలా దూరిపోతుంది. కానీ దాని ఎర్త్ పట్టీలు పక్కల ఉంటాయి కాబట్టి మన సాకెట్లో ఎర్త్ తగలదు. నీళ్ళూ కరెంటూ కలిసిన వస్తువుకు ఎర్త్ లేకపోవడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ప్లగ్గు కోసి మన మూడు పిన్నులది వేయించండి.

లైట్లు వెలుగుతాయి, పంపు మోగుతుంది, నీళ్ళు మాత్రం చల్లగా వస్తాయి

ఎక్కువమందికి వచ్చే సమస్య ఇదే, ఓపికగా చూడాల్సిందీ ఇక్కడే.

రెడీ లైటు ఎప్పుడు వెలుగుతోందో గమనించండి. పాత తరహా సాదా మెషీన్లు కొన్నింటిలో ఆ లైటు థర్మోస్టాట్‌కు అటూ ఇటూ కలిపి ఉంటుంది. నీళ్ళు కాగాక థర్మోస్టాట్ తెరుచుకుంటే లైటు వెలుగుతుంది. అలాంటి మెషీన్‌లో ఆన్ చేసిన క్షణంలోనే రెడీ లైటు వెలిగి, నీళ్ళు చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకున్న స్థితిలోనే చచ్చిపోయిందని అర్థం. ఎంతసేపు చూసినా లైటు వెలగకపోతే కాయిల్ గానీ ఫ్యూజ్ గానీ తెగి ఉండొచ్చు.

తర్వాత స్టీమ్ స్విచ్ వేయండి. ఒకే బాయిలర్ ఉన్న మెషీన్లలో కాఫీకి ఒక థర్మోస్టాట్, ఆవిరికి ఇంకొకటి ఉంటాయి. పాత గజియా క్లాసిక్ అనే మోడల్‌లో అవి 107, 145 డిగ్రీలవి. స్టీమ్ వేసినప్పుడు వేడెక్కి, కాఫీకి మాత్రం వేడెక్కకపోతే హీటరూ ఫ్యూజూ భేషుగ్గా ఉన్నట్టే. పోయింది కాఫీ థర్మోస్టాట్ ఒక్కటే. దీని ఖరీదు హీటర్ ముందు లెక్కలోకే రాదు.

డిజిటల్ బోర్డు ఉన్న వాటిలో లైట్లన్నీ టకటకా కొట్టుకుంటూ ఉంటే వేడిని కొలిచే సెన్సర్ వైరు ఊడిందేమో చూడండి. ఆ సెన్సర్‌కు మీటర్ పెట్టి గుప్పిట్లో బిగించి పట్టుకుంటే రెసిస్టెన్స్ మెల్లగా తగ్గాలి. కదలకపోతే సెన్సర్ పోయింది.

ఇక నీళ్ళ వల్ల వచ్చే చిక్కు. ట్యాంకు సరిగ్గా కూర్చోకపోయినా, అందులో నీళ్ళ మీద తేలే బెండు గార పట్టి ఇరుక్కున్నా, నీళ్ళు లేవనుకుని కొన్ని మెషీన్లు హీటర్‌కు కరెంటు ఇవ్వవు. దీనికి పూర్తి విరుద్ధమైన కేసు పెద్ద బాయిలర్ ఉన్న ఖరీదైన మెషీన్లలో వస్తుంది. వాటిలో నీళ్ళ మట్టాన్ని ఒక లోహపు కడ్డీ కనిపెడుతుంది. నీళ్ళలో లవణాలుంటేనే దాని గుండా కరెంటు పారుతుంది. మన ఊళ్ళో బోరు నీళ్ళకు భయపడి చాలామంది ఆర్‌వో నీళ్ళే పోస్తారు. ఆ నీళ్ళు మరీ పలచనైతే కడ్డీకి నీళ్ళున్నట్టే తెలియదు. పంపు నింపుతూనే ఉంటుంది, హీటర్ ఆన్ కాదు. ఆర్‌వో నీళ్ళలో కాస్త కుళాయి నీళ్ళు కలిపి చూడండి. దాంతో బాగైపోతే అంతకంటే చవకైన రిపేరు లేదు.

మూత విప్పి మీటర్ పెట్టడం

ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపడం కాదు, గోడ నుంచి పీకేయాలి. పూర్తిగా చల్లారనివ్వండి. వైర్లు తీసే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

హీటర్ రెండు కొనల నుంచీ వైర్లు ఊడదీసి మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. ఎంత రావాలో కనుక్కోవడానికి 230ని 230తో గుణించి, మెషీన్ వాట్లతో భాగించండి. 1350 వాట్లకు దాదాపు 39 ఓమ్‌లు, 1000 వాట్లకు 53. ఆ దరిదాపుల్లో వస్తే కాయిల్ బాగుంది, దాన్ని వదిలేయండి. మీటర్ అసలు కదలకపోతే కాయిల్ తెగింది. రావాల్సిన దానికి రెట్టింపు వస్తే, రెండు కాయిల్స్ ఉన్న బాయిలర్‌లో ఒకటి పోయినట్టు. అలాంటి మెషీన్ వేడెక్కుతుంది గానీ రెట్టింపు సేపు తీసుకుంటుంది.

థర్మోస్టాట్ చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉండాలి, అంటే మీటర్ సున్నా దగ్గర చూపాలి. థర్మల్ ఫ్యూజ్ కూడా అంతే. ఇది సాధారణంగా తెల్లటి గొట్టంలో దాక్కుని బాయిలర్‌ను ఆనుకుని ఉంటుంది, కొత్తవాళ్ళ కంటికి వైరులాగే కనిపిస్తుంది. కొన్ని మెషీన్లలో దీని బదులు నడుమ బుడిపె ఉన్న కటౌట్ ఉంటుంది. చల్లారాక ఆ బుడిపె నొక్కితే టిక్కుమని మళ్ళీ కలుస్తుంది.

థర్మల్ ఫ్యూజ్ పోయింది సరే, ఎందుకు పోయింది?

ఫ్యూజ్ మీద ఎన్ని డిగ్రీలు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది. సరిగ్గా అదే తెచ్చుకోవాలి. రైస్ కుక్కర్లలోనూ ఇలాంటివే వాడతారు కాబట్టి ఇలాంటి రిపేరు సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. దాన్ని టంకం పెట్టి అతికించొద్దు. టంకం వేడికే కొత్త ఫ్యూజ్ ఎగిరిపోతుంది. చిన్న లోహపు గొట్టంలో రెండు కొనలూ పెట్టి ప్లయర్‌తో గట్టిగా నొక్కించాలి, పైన వేడికి తట్టుకునే ఫైబర్ గ్లాస్ స్లీవ్ తొడగాలి. ఫ్యూజ్ తీసేసి వైరు డైరెక్టుగా కలిపేస్తానని ఎవరైనా అంటే మెషీన్ వెనక్కి తెచ్చేసుకోండి. ఇంటికి నిప్పు పెట్టుకునే పని అది.

ఫ్యూజ్ ఊరికే పోదు. ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా స్టీమ్ ఆన్‌లో వదిలేయడం ఒక కారణం. థర్మోస్టాట్ లోపలి కొనలు అతుక్కుపోయి హీటర్‌ను ఆపలేకపోవడం ఇంకొకటి. ఇలా జరిగినప్పుడు చల్లగా కొలిస్తే థర్మోస్టాట్ బాగున్నట్టే చూపి మోసం చేస్తుంది. 107 డిగ్రీల థర్మోస్టాట్‌ను మరిగే నీళ్ళలో వేసి పరీక్షించలేం కూడా. నా మటుకు నేను ఫ్యూజ్ మార్చినప్పుడు థర్మోస్టాట్ కూడా మార్చేస్తాను. మళ్ళీ విప్పే శ్రమ కంటే దాని ధర తక్కువ.

మూడో కారణం గార. మన అపార్ట్‌మెంట్లలో కల్యాణి డ్యామ్, తెలుగు గంగ నీళ్ళూ బోరు నీళ్ళూ ఒకే సంపులో కలిసిపోతాయి. గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేదే ఇక్కడా పేరుకుంటుంది. కాయిల్ వేడి నీళ్ళలోకి దిగక అదే మాడుతుంది, ఫ్యూజ్ ఎగురుతుంది. పంపు మూలుగుతూ నీళ్ళు సన్నగా వస్తుంటే గారే అనుకోండి. లీటరు నీళ్ళకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, కొంత లోపలికి పంపి, పావుగంట ఆగి, మిగతాది వదలండి. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్ళు పోనివ్వండి. అల్యూమినియం బాయిలర్‌లో రాత్రంతా నిమ్మ ఉప్పు నిలవ ఉంచితే లోహాన్నే తింటుంది.

అమెరికా మెషీన్

దీనికి వేరే లెక్క. అక్కడి మెషీన్లు 120 వోల్టులవి. మనం వాడే కన్వర్టర్ పిన్ను ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజి మార్చదు. 1400 వాట్ల అమెరికా హీటర్‌కు 230 వోల్టులు ఇస్తే 5,100 వాట్లకు పైగా లాగబోతుంది. ఎంసీబీ పడితే అదృష్టం, లేదంటే ఫ్యూజ్, బోర్డు కలిసి పోతాయి. అప్పుడు కూడా పైన చెప్పినట్టే కొలవండి, కానీ 230 బదులు 120తో లెక్క కట్టండి: 1400 వాట్లకు దాదాపు 10 ఓమ్‌లు. కాయిల్ బతికుంటే ఫ్యూజ్ మార్చి, కనీసం 2000 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద వాడొచ్చు. ట్రిమ్మర్, రేడియోలకు అమ్మే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు దీనికి చాలవు. బోర్డు కూడా పోతే, పెట్టే ఖర్చులో ఇక్కడి మెషీన్ కొత్తదే చూసుకోవడం మేలు.

వేడెక్కగానే ట్రిప్ అవుతోంది, షాక్ కొడుతోంది

కాయిల్ పై తొడుగు పగిలి లోపలికి తడి చేరిందన్నమాట. హీటర్ కొననూ బాడీనీ మీటర్‌తో కొలిస్తే ఏమీ చూపకూడదు. ఒక్కోసారి మామూలు మీటర్‌కు దొరకదు, ఎలక్ట్రీషియన్ దగ్గర ఇన్సులేషన్ పరీక్షకు ఉండే మెగ్గర్‌కు దొరుకుతుంది. ఇక్కడ మాత్రం హీటర్ మార్చాల్సిందే. ఈలోపు ట్రిప్ అయిన బ్రేకర్‌ను ఎక్కించి ఎక్కించి వాడొద్దు.

ఎండాకాలం సాయంత్రాలు మాత్రమే నెమ్మదిస్తే మెషీన్ విప్పకండి, వోల్టేజి చూడండి. 230 ఉండాల్సింది 180కి పడితే వేడి 40 శాతం దాకా తగ్గిపోతుంది.

బిగించాక

కొత్త థర్మోస్టాట్ కింద కాస్త హీట్ సింక్ పేస్ట్ రాయండి, లేకపోతే వేడి ఆలస్యంగా అంది బాయిలర్ ఎక్కువ కాగుతుంది. ట్యాంకు నింపి, ఆన్ చేయగానే ముందు పంపు నడిపి నీళ్ళు ధారగా వచ్చేదాకా వదలండి. బాయిలర్ ఖాళీగా ఉండగా వేడెక్కితే ఇప్పుడే వేసిన ఫ్యూజ్ మళ్ళీ పోతుంది. తర్వాత దగ్గరే నిలబడి చూడండి. కొన్ని నిమిషాల్లో థర్మోస్టాట్ టిక్కుమని హీటర్ ఆగాలి. ఆగకుండా నీళ్ళు కళపెళా మరుగుతూ గ్రూప్ నుంచి, అంటే పోర్టాఫిల్టర్ తగిలించే చోటు నుంచి, ఆవిరి చిమ్మితే వెంటనే ప్లగ్గు పీకి, థర్మోస్టాట్ వైర్లు ఫొటోలో ఉన్నట్టే పెట్టారో లేదో సరిచూసుకోండి.