ఐర్లండ్ వ్యవసాయ మంత్రి గురించి తెలుసుకోవాలంటే ముందు ఆయన కొట్టు దగ్గరికి వెళ్ళండి

ఐర్లండ్ రాజకీయ నాయకుడు ఒకాయన గురించి చదవాలని కూర్చున్నామంటే మనం ముందు చేసే పని ఏంటి, ఏ పార్టీ, ఎప్పుడు మంత్రి, ఎప్పుడు దిగిపోయాడు, ఈ మూడూ చూసేసి అర్థమైపోయింది అనుకుంటాం. ఐర్లండ్‌లో అది పనికిరాదండి. అక్కడ ముందు ఊరు, ఇల్లు, నాన్న, తాత, ఆ తర్వాతే పార్టీ. ఎలా వెతకాలో జేమ్స్ డిలన్ అనే ఆయన్ని పట్టుకుని చెప్తాను. రెండుసార్లు వ్యవసాయ మంత్రి, 1948 నుంచి 1951 దాకా ఒకసారి, 1954 నుంచి 1957 దాకా ఇంకోసారి. నాకు చాలా ఇష్టమైన మనిషి, ఆయన చెప్పినవన్నీ ఒప్పుకుంటానని కాదు గానీ ఒంటరిగా నిలబడాల్సి వచ్చినప్పుడు నిలబడ్డాడు, అందుకు.

ముందు ఊరు. బాలహడరీన్ అని పడమటి ఐర్లండ్‌లో చిన్న టౌను. డిలన్ వాళ్ళకి అక్కడ మోనికా డఫ్ పేరు మీద పెద్ద కొట్టు ఉండేది, కిరాణా నుంచి బట్టల దాకా అన్నీ దొరికే రకం. ఆ మోనికా ఎవరంటే జేమ్స్ తాతగారి అక్కచెల్లెళ్ళలో ఒకావిడ. జేమ్స్ ఈ కొట్టు చూసుకోవడానికే వ్యాపారం నేర్చుకుందామని లండన్‌లో సెల్ఫ్రిజెస్, షికాగోలో మార్షల్ ఫీల్డ్ అనే పెద్ద పెద్ద దుకాణాల్లో పని చేశాడు, ఆ తర్వాత 1931లో లాయర్ అయ్యాడు. వ్యవసాయ మంత్రి అన్నాం కదా అని రైతు అనుకోకండి. రైతుకి సరుకు అమ్మి, రైతు చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందో ఎప్పుడు ఆడదో కౌంటర్ వెనకాల నుంచి చూసిన మనిషి. మన దగ్గర కూడా పంట బాగా వచ్చిన ఏడాది, రాని ఏడాది తేడా ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది కిరాణా కొట్టాయనకే, అరువు పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బాలహడరీన్ 1898 చట్టం వచ్చేదాకా మాయో జిల్లా, ఆ చట్టంతో రాస్‌కామన్ జిల్లాలోకి మారింది. పాత కాగితాలు వెతికేటప్పుడు రెండు జిల్లాల్లోనూ చూడాలి, లేకపోతే సగం కనపడవు. ఇంకో విశేషం చెప్పనా, ఆ ఊరి గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్ ఇప్పటికీ మాయో తరఫునే ఆడుతుంది, గీత మారినా వాళ్ళ మనసు మారలేదు. అలాగే జేమ్స్ డిలన్ అని వట్టి పేరు కొడితే స్కాట్లండ్ సంగీతకారుడు ఒకాయన వచ్చేస్తాడు, అందుకే పేరుతో పాటు ఊరు పేరో, 1902 అని పుట్టిన ఏడాదో కలిపి కొట్టండి.

తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని వంశవృక్షం గీయండి. ఫోన్లో కాదు, కాగితం మీదే, ఎందుకంటే బాణం గుర్తులు బోలెడు వేయాలి. పైన తాత జాన్ బ్లేక్ డిలన్, 1842లో థామస్ డేవిస్, చార్ల్స్ గావన్ డఫీతో కలిసి ద నేషన్ అనే పత్రిక పెట్టినాయన. ఆయన కింద నాన్న జాన్ డిలన్, ఐర్లండ్ బ్రిటన్ కింద ఉన్న రోజుల్లో లండన్ పార్లమెంటులో ఐరిష్ వాళ్ళ తరఫున కూర్చున్న ఐరిష్ పార్లమెంటరీ పార్టీకి చివరి నాయకుడు, అంతకుముందు కౌలు రైతుల కోసం పుట్టిన లాండ్ లీగ్ పోరాటంలో జైలుకెళ్ళినాయన. ఈ లాండ్ లీగ్ మనకి కొత్తేం కాదు, 1880లో మాయోలో కెప్టెన్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటుకి ఊరంతా కలిసి పనిచేయం, అమ్మం, మాట్లాడం అని కూర్చున్నారు చూడండి, మనం రోజూ వాడే బాయ్‌కాట్ అనే మాట ఆయన ఇంటిపేరే. జేమ్స్ వీళ్ళ ఇంట్లో పుట్టాడు, డబ్లిన్‌లో నార్త్ గ్రేట్ జార్జెస్ స్ట్రీట్‌లో. బ్రిటన్ మీద 1916 ఈస్టర్ తిరుగుబాటు జరిగిన పెద్ద పోస్టాఫీసు ఆ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం, అప్పటికి ఆయనకి పదమూడేళ్ళు. తిరుగుబాటు చేసినవాళ్ళని వరసగా కాల్చి చంపుతుంటే లండన్ పార్లమెంటులో లేచి ఆపండి అని గట్టిగా అడిగింది వాళ్ళ నాన్నే, తిరుగుబాటు దారి ఆయనది కాకపోయినా.

ఆ అడిగినందుకు జనం ఆయన్ని గెలిపించారా అంటే లేదు. 1918 ఎన్నికల్లో తూర్పు మాయోలో జాన్ డిలన్ ఓడిపోయాడు, ఓడించింది ఎమన్ డి వాలెరా, డి వాలెరాకి వచ్చిన ఓట్లు దాదాపు రెట్టింపు. కాగితం మీద ఇక్కడ ఎర్ర సిరాతో గీత గీయండి. ఎందుకంటే ఈ డి వాలెరానే తర్వాత ఫియానా ఫాల్ పార్టీ పెట్టి ఐర్లండ్‌ని ఏళ్ళ తరబడి ఏలాడు, జేమ్స్ డిలన్ పార్లమెంటులో ఉన్న 37 ఏళ్ళలో పెద్ద భాగం ఆయనకి ఎదురుగా కూర్చునే గడిపాడు. నాన్నని ఓడించిన మనిషి మీద కొడుకు మాట్లాడుతున్నాడని తెలిసి చదివితే ఆ ప్రసంగాల్లో వేడి వేరుగా తగులుతుంది.

ఇప్పుడు ఎన్నికల సంవత్సరాలు వరసగా రాసుకుని ప్రతి ఏడాది పక్కన ఎక్కడి నుంచి, ఏ గుర్తు మీద అని రాయండి. ఇది విసుగు పని, కానీ దాటేయొద్దు. 1932లో డోనిగాల్ నుంచి స్వతంత్రుడిగా గెలిచాడు, అదే ఏడాది ఫ్రాంక్ మక్‌డెర్మట్‌తో కలిసి నేషనల్ సెంటర్ పార్టీ పెట్టాడు, 1933 జనవరిలో వాళ్ళకి 11 సీట్లు వచ్చాయి, అదే ఏడాది సెప్టెంబర్‌లో అది ఇంకో రెండింటితో కలిసిపోయి ఫినా గేల్ అనే పార్టీ అయింది, 1937 నుంచి 1969 దాకా మొనహన్ నుంచి నెగ్గుతూనే వచ్చాడు. 1942లో ఫినా గేల్ వదిలేశాడు, 1952లో మళ్ళీ చేరాడు. అంటే 1948లో మంత్రి అయినప్పుడు ఆయన ఏ పార్టీ వాడూ కాదు! నేను కూడా మొదట్లో ఫినా గేల్ మంత్రి అనే రాసుకున్నాను, సంవత్సరాలు పక్కపక్కన పెట్టాకే తప్పు దొరికింది. ఇలా స్వతంత్రులు ఎందుకు నెగ్గుతారంటే అక్కడ ఓటు ఒకరికే వేసి వచ్చేయరు, 1, 2, 3 అని ఇష్టం వచ్చిన వరసలో నంబర్లు వేస్తారు, నీ మొదటి మనిషి ఓడిపోతే నీ ఓటు రెండో మనిషికి వెళ్తుంది, ఒక్కో నియోజకవర్గం నుంచి కనీసం ముగ్గురు నెగ్గుతారు. అందుకే ఊళ్ళో మంచి పేరు ఉన్న మనిషికి పార్టీ లేకపోయినా సీటు ఉంటుంది, మనకి ఇది వెంటనే తలకెక్కదు.

ఇక అసలు నిధి, డాయిల్ చర్చలు. డాయిల్ అంటే వాళ్ళ లోక్‌సభ, సభ్యుణ్ణి టీడీ అంటారు, ప్రధానిని టీషక్ అంటారు. 1919 నుంచి సభలో మాట్లాడిన ప్రతి మాటా పార్లమెంటు వాళ్ళ సైట్‌లో ఉచితంగా ఉంది, సభ్యుడి పేరు మీద వెతకొచ్చు. పేపర్లో వచ్చింది, ఎవరో రాసింది చదివే ముందు ఇది చదవండి. ఉదాహరణకి డిలన్ బ్రిటన్‌ని గుడ్లలో ముంచేస్తానన్నాడని ఒక మాట ఆయనకి జీవితాంతం అంటుకుంది. 1948లో బ్రిటన్‌తో వ్యాపార ఒప్పందం కుదిరింది, పశువులకి, గుడ్లకి అక్కడ బజారు బాగుంటుందని ఆయన ఆశ, తర్వాత గుడ్ల ధర పడిపోయింది, ఎదుటి పార్టీ వాళ్ళు ఆ మాట పట్టుకుని వదల్లేదు. ఇలాంటి మాట ఒకటి కనపడితే సభ రికార్డులో తేదీ పట్టుకుని, ముందు పేజీ, వెనక పేజీ చదవండి, ఎవరు అడిగితే అన్నాడు, ఎవరు తిరిగి అన్నారు అని. ప్రతి ఏటా వ్యవసాయ పద్దు మీద చర్చ రోజులు మాత్రం అస్సలు వదలొద్దు, పద్దు చర్చలోనే టీడీలు వాళ్ళ వాళ్ళ ఊరి కాలువ, ఊరి పాల కేంద్రం గురించి అడుగుతారు, మంత్రి అక్కడే దొరికిపోతాడు.

1942 గురించి కొంచెం ఆగి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ తటస్థంగా ఉంది, దాదాపు అన్ని పార్టీలూ దానికి సై. డిలన్ ఒక్కడు మాత్రం హిట్లర్ విషయంలో తటస్థం అనేది తప్పు అన్నాడు, 1942లో ఫినా గేల్ పార్టీ సమావేశంలో అమెరికా పక్షాన నిలబడాలి అని బాహాటంగా చెప్పి, పార్టీలో పెద్ద పదవిలో ఉండి కూడా బయటికొచ్చేశాడు. పెద్ద ప్రపంచ యుద్ధం మధ్యలో చిన్న దేశం తటస్థంగా ఉండటం తప్పా అంటే నాకూ పూర్తిగా తేల్చుకోవడం కష్టమే, బ్రిటన్ నుంచి విడిపోయి ఇరవై ఏళ్ళు అయింది అంతే, ఆ భయం అర్థం అవుతుంది. కానీ ఊరంతా ఒక వైపు ఉంటే తను ఇంకో వైపు నిలబడి, మళ్ళీ 1943లో, 1944లో అదే మొనహన్ జనం దగ్గరికి వెళ్ళి ఓటు అడిగి గెలిచాడు చూడండి, అది మామూలు విషయం కాదు.

వ్యవసాయం వైపు వస్తే ఒకటే సూత్రం, ధర వెంట వెళ్ళండి. మంత్రి ఎవరైనా సరే ఆ ఏడాది పాల ధర, గొడ్డు ధర, గుడ్డు ధర ఎంత, ఎవరు కొంటున్నారు, ఇవి పట్టుకుంటే సగం చరిత్ర వచ్చేస్తుంది. 1932లో డి వాలెరా, రైతులు భూమి కొనుక్కోవడానికి బ్రిటన్ ఇచ్చిన అప్పుల వాయిదాలు కట్టడం ఆపేశాడు, బ్రిటన్ ఐరిష్ పశువుల మీద పన్ను వేసింది, 1938 దాకా ఆ గొడవ నడిచింది, దూడల్ని తోలు కోసం చంపాల్సిన పరిస్థితి వచ్చింది. డిలన్ సెంటర్ పార్టీ ఈ దెబ్బ తిన్న రైతుల మధ్యలోంచే లేచింది, అందుకే మంత్రి అవ్వగానే బ్రిటన్ బజారు మీద అంత పట్టు పట్టాడు. 1949లో మార్షల్ సాయం డబ్బుతో, అంటే యుద్ధం తర్వాత అమెరికా యూరప్‌కి ఇచ్చిన డబ్బుతో, భూమి బాగుచేసే పథకం ఒకటి పెట్టాడు, నీళ్ళు నిలిచిపోయే పొలాల్లో కాలువలు తవ్వడం, సున్నం వేయడం, ఎరువు వేయడం. పడమటి ఐర్లండ్ నేల ఎంత చిత్తడిగా ఉంటుందో తెలిస్తే, మడమ దిగబడితే బూటు అక్కడే ఉండిపోయే నేల అది, ఆ పథకం విలువ అర్థం అవుతుంది. 1951లో ఆ ప్రభుత్వం పడిపోయినప్పుడు అందరూ తల్లీపిల్లల వైద్యం పథకం గొడవ గురించే చెప్తారు, ఆరోగ్య మంత్రి నోయెల్ బ్రౌన్ రాజీనామా గురించి, అది పెద్ద విషయమే, కానీ చివరి తోపు పాల ధర మీద అలిగిన పల్లె సభ్యులు మద్దతు తీసేయడం. ధర వెంట వెళ్ళమన్నది అందుకే.

సంబంధాలు వెతికేటప్పుడు రక్తం, పార్టీ అని రెండు సిరాలు వాడండి. రక్తం సిరాతో అన్నయ్య మైల్స్ డిలన్‌ని గీయండి, మన తెలుగువాళ్ళకి ఈయన దగ్గర ఆగాలనిపిస్తుంది. మైల్స్ సెల్టిక్ భాషల, అంటే ఐరిష్, వెల్ష్ లాంటి భాషల పండితుడు, డబ్లిన్‌లో సంస్కృతం చెప్పాడు. 1947లో ఆయన రాసిన వ్యాసం ఒకటి సత్యక్రియ గురించి, అంటే నేను చెప్పింది నిజమే అయితే ఇలా జరుగుగాక అని మన పురాణాల్లో పతివ్రతలు అంటారు కదా, అలాంటిదే పాత ఐరిష్ కథల్లోనూ ఉందని చూపించాడు. పాత ఐరిష్ న్యాయంలో బాకీ ఎగ్గొట్టినవాడి గుమ్మం ముందు తిండి మానేసి కూర్చునే పద్ధతి ఉంది, ధర్నా అంటే మనకి వేరే చెప్పక్కర్లేదు. సెల్ట్‌ల గురించీ ఆర్యుల గురించీ ఆయన రాసిన పుస్తకాన్ని ఆయన పోయాక 1975లో మన సిమ్లాలోని అడ్వాన్స్‌డ్ స్టడీ సంస్థే అచ్చు వేసింది. తమ్ముడు గుడ్ల ధర మీద సభలో అరుస్తుంటే అన్న సంస్కృతం, ఐరిష్ పక్కపక్కన పెట్టి చదువుతున్నాడు, ఒకే ఇంట్లోంచి.

ఇంకో దారి కూడా మన వైపుకే వస్తుంది. తర్వాత మన రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి గారు బరంపురం తెలుగువారు, 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో లా చదివారు, కింగ్స్ ఇన్స్‌లో. జేమ్స్ డిలన్ లాయర్ అయింది కూడా అక్కడే, కాకపోతే పదిహేనేళ్ళ తర్వాత. గిరి గారు ఉన్న రోజుల్లో జేమ్స్ ఇంకా పిల్లాడు, కలిశారని చెప్పడానికి ఏమీ లేదు, ఇలాంటి చోట గీతని చుక్కలుగా వేయండి, నిండు గీత వేయొద్దు. అలాగే 1894 మద్రాస్ కాంగ్రెస్‌కి అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ వెబ్, జాన్ డిలన్‌తో పాటు ఐరిష్ జాతీయవాదుల బెంచీల్లో కూర్చున్న ఎంపీ, ఈ గీత నిండుగానే వేయొచ్చు.

పార్టీ సిరాతో గీసేటప్పుడు ఇంటిపేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి, కంగారు పడకండి. 1948లో టీషక్ జాన్ ఎ. కాస్టెలో, 1959 నుంచి డిలన్ ఫినా గేల్ నాయకుడు అయ్యాక ఆయన్ని ఎడమ వైపుకి లాగాలని చూసిన కుర్రాడు డెక్లన్ కాస్టెలో, పాత కాస్టెలో కొడుకే. 1965 ఎన్నికల్లో ఓడాక డిలన్ దిగిపోతే వచ్చింది లియమ్ కాస్‌గ్రేవ్, ఐరిష్ ఫ్రీ స్టేట్ తొలి ప్రభుత్వాన్ని నడిపిన కాస్‌గ్రేవ్ గారి అబ్బాయి. ప్రతి పేరు పక్కన పుట్టిన ఏడాది వేయకపోతే తండ్రి ఎవరో కొడుకు ఎవరో కలిసిపోతాయి.

ఇవాళ ఒక్క పని చేయాలంటే డాయిల్ రికార్డులో 1948 ఫిబ్రవరి 18 తెరవండి, మంత్రుల పేర్లు చదివిన రోజు అది. అయిదు పార్టీలు, స్వతంత్రులు కలిసిన ప్రభుత్వం, ఒక్కో పేరు మీద ఆగి, ఈయన నాన్న ఎవరు, ఏ ఊరు, ఏ పార్టీలోంచి వచ్చాడు అని పక్కన రాసుకుంటూ పోండి, వ్యవసాయం అనే మాట దగ్గరికి వచ్చేసరికి డిలన్ పక్కన పార్టీ గడి ఖాళీగా ఉంటుంది, దాన్ని ఖాళీగానే ఉంచండి.