ఉల్కాపాతాన్ని రేడియోతో లెక్కపెట్టడం

రాడార్‌తో ఉల్కలు గమనించడానికి సొంత రాడార్ అక్కర్లేదు. దూరాన ఏదో ఒక ట్రాన్స్‌మీటర్ ఆగకుండా సిగ్నల్ పంపుతుంటే చాలు, వినడమే మన పని. ఉల్క 80–120 కిలోమీటర్ల ఎత్తున గాలిని అయనీకరించి ఒక చార వదులుతుంది. దిగంతం అవతలి నుంచి మామూలుగా మనకు చేరని తరంగం ఆ చారకు తగిలి ఇటు మళ్ళుతుంది. మబ్బు పట్టినా, పట్టపగలైనా ఇబ్బంది లేదు.

ట్రాన్స్‌మీటర్ 500 నుంచి 2000 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరిదైతే నేరుగా వచ్చే సిగ్నల్లో ఉల్కల ప్రతిధ్వనులు మునిగిపోతాయి. యూరప్‌లో చాలామంది వాడేది ఫ్రాన్స్‌లోని ఉపగ్రహాల మీద కన్నేసే గ్రేవ్స్ రాడార్, 143.050 మెగాహెర్ట్జ్. అలాంటిది అందని చోట, స్థానికంగా ఖాళీగా ఉన్న ఎఫ్ఎం ఫ్రీక్వెన్సీలో దూరపు స్టేషన్ కోసం కాచుకోవచ్చు. ఉల్క పడగానే పాట ముక్క ఒకటి తళుక్కుమని పోతుంది. సరదాకు బాగుంటుంది, లెక్కకు అంతగా పనికిరాదు.

143 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ (రెండు కడ్డీల మామూలు యాంటెన్నా) ఒక్కో చేయి 50 సెంటీమీటర్లు. మూడు ఎలిమెంట్ల (కడ్డీల) యాగీ, అంటే ఒకవైపు గురిపెట్టే యాంటెన్నా, ఇంకా మేలు. అంతకంటే పొడుగుది పెడితే చూపు ఇరుకైపోతుంది. గురి ట్రాన్స్‌మీటర్ వైపు కాదు, దారి మధ్యలో 100 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆకాశం మీద. దూరం 1000 కిలోమీటర్లయితే దిగంతం నుంచి సుమారు 9 డిగ్రీలు, 600 అయితే 17.

రిసీవర్‌గా ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో) సరిపోతుంది. మోడ్ యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్; కంప్యూటర్ పోర్టు కాదు), ట్యూనింగ్ 143.049, అప్పుడు ప్రతిధ్వని 1000 హెర్ట్జ్ ఈలలా వినిపిస్తుంది. ఇక్కడ 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తప్పు అంటే 143 హెర్ట్జ్ జరిగినట్టే. మామూలు డాంగిల్ పదుల పీపీఎం తప్పుతుంది, వేడెక్కేకొద్దీ జారుతుంది కూడా. అరగంట ముందే ఆన్ చేసి పెట్టండి. గెయిన్ (సిగ్నల్ పెంచే మోతాదు) ఆఖరి దాకా తిప్పొద్దు: యాంటెన్నా తగిలించినప్పుడు అడుగు రొద కాస్త లేచే దగ్గర ఆపండి. దగ్గర్లో ఎఫ్ఎం టవర్ ఉంటే 88–108ని ఆపే ఫిల్టర్ తప్పనిసరి.

సిగ్నల్‌ను తెర మీద గీసి చూపే స్పెక్ట్రమ్ ల్యాబ్ ప్రోగ్రామ్‌లో శాంప్లింగ్ (సెకనుకు కొలతలు) 11025, ఎఫ్ఎఫ్‌టీ (ఒక్కో ముక్కలో కొలతలు) 4096 పెడితే ఒక్కో ముక్క 0.37 సెకన్లు. ఇంకా పెంచితే గీతలు సన్నగా, అందంగా వస్తాయి గానీ, పదో వంతు సెకను ఉండే చిన్న ఉల్కలు రొదలో కరిగిపోతాయి. తెర మీద పొట్టి చుక్క చిన్న ఉల్క. సెకన్ల తరబడి మెలికలు తిరుగుతూ నిలిచే మచ్చ పెద్దది, పైగాలులు దాని చారను చెదరగొడుతుంటాయి. మెల్లగా వాలుతూ పోయే పొడుగు గీత విమానం. అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒక్కసారిగా కోసే గీత మెరుపు. ఈ చివరి రెండింటినీ చేత్తో ఏరేయాల్సిందే. ప్రోగ్రామ్ వాటినీ ఉల్కల్లోనే కలిపేస్తుంది.

గంటగంటకూ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాసుకోండి. ఏ ఉల్కాపాతానికీ చెందని చెదురుమదురు ఉల్కలు స్థానిక సమయం తెల్లవారుజామున 6 ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం 6కు తక్కువ. అందుకే పొద్దున లెక్క పెరగగానే పర్సీడ్లు (ఆగస్టు ఉల్కాపాతం) వచ్చాయనుకోవద్దు. ఉల్కాపాతం మొదలవకముందు నాలుగైదు రోజుల్లో అదే గంటకు వచ్చిన సగటును తీసేస్తే మిగిలేదే ఉల్కాపాతం. తారస్థాయిలో పొడుగు ప్రతిధ్వనులు ఒకదానిమీద ఒకటి పడి, రద్దీ పెరుగుతున్నా సంఖ్య తగ్గినట్టు కనిపిస్తుంది. సంఖ్యతో పాటు గంటలో ప్రతిధ్వని ఉన్న మొత్తం సెకన్లు కూడా నమోదు చేస్తే ఆ మోసం బయటపడుతుంది.

మొదటి పరీక్షకు డిసెంబర్ 14 ప్రాంతపు జెమినిడ్లు మంచివి. చెయ్యి తిరిగాక జూన్ మొదటి వారంలో ఏరియటిడ్లకు కాపు కాయండి. అవి సూర్యుడి పక్క నుంచి పగలు రాలతాయి గనుక కంటికి దాదాపు దొరకవు.