వీధి కమారోకి ఇంజన్ కట్టుకుందాం – రెండో పాఠం: కాగితం మీద ఇంజన్

గత పాఠంలో బ్లాక్ సంగతి తేల్చుకున్నాం. 1969 షెవర్లే కమారో కారు, అందులో 350 స్మాల్ బ్లాక్ (350 క్యూబిక్ అంగుళాల చిన్న వీ8 ఇంజన్). పగుళ్లు లేవు, సిలిండర్ గోడలు 30 థౌ బోరింగ్‌కి (సిలిండర్‌ని తొలిచి వెడల్పు చేయడానికి) తట్టుకుంటాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, ఈ పాఠం నిండా అదే కొలత. ఇక పార్టులు కొనేద్దామని చేతులు ఊరుకోవు. దయచేసి ఆగండి. ఈ పాఠం పూర్తయ్యేదాకా ఒక్క బోల్టు కూడా కొనొద్దు. ఈసారి మన పనిముట్లు కాగితం, పెన్ను, కాలిక్యులేటర్, అంతే.

ముందుగా కాగితం పైభాగాన బండి జీవితం రాయండి. రోజూ నడుస్తుందా, వారాంతాల్లోనేనా? గేరుబాక్సు ఆటోమేటిక్కా, మాన్యువలా? పవర్ బ్రేకులు ఉన్నాయా? వెనక యాక్సిల్ రేషియో (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్ట్ తిరిగే చుట్లు) ఎంత, టైరు ఎత్తు ఎంత? మీ ఊళ్లో బంకులో దొరికే మంచి పెట్రోలు ఏది? ఇన్ని హార్స్‌పవర్ కావాలన్న మాట వీటన్నిటి తర్వాతే. వీధి బండి ఇంజన్ బతుకంతా 1,500 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్యే గడుస్తుంది. 6,500 దగ్గర ఉరిమే ఇంజన్ సిగ్నల్ దగ్గర నసుగుతుంటే ఆ బండిని తీయబుద్ధి కాదు.

పాత బ్రోచర్లలోని అంకెల్ని లక్ష్యంగా పెట్టుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 1970 జడ్28 కమారోలోని ఎల్‌టీ-1 ఇంజన్‌కి 360 హార్స్‌పవర్ అని రాసేవారు. 1972లో అదే పేరున్న ఇంజన్‌కి 255 అని రాశారు. మధ్యలో రెండు మార్పులు జరిగాయి. 1971లో కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న అంకె) 11 నుంచి 9కి దించారు. 1972లో కొలిచే పద్ధతి మారింది. అంతకుముందు సైలెన్సర్ లాంటి భారాలేవీ తగిలించకుండా టెస్ట్ స్టాండ్ మీద కొలిచిన గ్రాస్ అంకె వేసేవారు, ఆ తర్వాత అవన్నీ ఉన్న నెట్ అంకె వేశారు. కాబట్టి రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి.

మన లక్ష్యం 400 గ్రాస్ హార్స్‌పవర్ అనుకుందాం. అది ఎన్ని ఆర్‌పీఎం దగ్గర కావాలన్నదే అసలు ప్రశ్న. హార్స్‌పవర్ అంటే టార్క్ × ఆర్‌పీఎం ÷ 5,252. మంచి వీధి ఇంజన్ తన గరిష్ఠ పవర్ దగ్గర క్యూబిక్ అంగుళానికి ఒక పౌండ్-అడుగు టార్క్ ఇస్తుందని లెక్కేసుకోండి. అప్పుడు సిలిండర్ల పరిమాణం ఎంత ముఖ్యమో కనిపిస్తుంది.

మన 350 బోరు (సిలిండర్ వెడల్పు) 4.000, స్ట్రోకు (పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం) 3.480 అంగుళాలు. బోరు × బోరు × 0.7854 × స్ట్రోకు × 8 చేయండి, 349.8 వస్తుంది. 30 థౌ బోరింగ్ చేస్తే 355. అదే బోరులో 3.750 స్ట్రోకు క్రాంక్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే షాఫ్ట్) వేస్తే 382.7, అంటే అందరూ 383 అనే ఇంజన్. ఆ స్ట్రోకు షెవర్లే 400 స్మాల్ బ్లాక్‌ది. వెనకటి రోజుల్లో దాని క్రాంక్ తెచ్చి, మెయిన్ జర్నళ్లను (క్రాంక్ బ్లాక్‌లో కూర్చుని తిరిగే గుండ్రటి భాగాలను) 2.65 నుంచి 2.45 అంగుళాలకు లేత్ మీద తగ్గించి 350 బ్లాక్‌లో కూర్చోబెట్టేవారు. ఇప్పుడు ఆ కొలతలకే చేసిన కొత్త క్రాంకులు దొరుకుతాయి.

355తో 400 హార్స్‌పవర్ రావాలంటే పైసూత్రం ప్రకారం దాదాపు 5,920 ఆర్‌పీఎం దాకా తిప్పాలి. 383తో 5,480 చాలు. ఆ 440 ఆర్‌పీఎం తేడా వల్ల క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) మెత్తగా ఉండొచ్చు, వాల్వ్ స్ప్రింగులు తేలిగ్గా ఉండొచ్చు, కింది టార్క్ ఊరికే వస్తుంది. అందుకే వీధి బండికి నేను 383 వైపే మొగ్గుతాను.

ఇప్పుడు కంప్రెషన్. ఇక్కడ తొందరపడొద్దు, ఇంజన్ బతికేదీ చచ్చేదీ ఇక్కడే. 383 ఒక్క సిలిండర్ 783.9 సీసీ. పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీలన్నీ కూడాలి: హెడ్ ఛాంబర్ (సిలిండర్‌పై మూతలోని గుంట) 64 సీసీ, గ్యాస్కెట్ (4.100 బోరు, 40 థౌ మందం) 8.7, పిస్టన్‌కీ బ్లాక్ పైతలానికీ మధ్య సందు, పిస్టన్ మీది గుంట.

ఆ సందు ఎంతో ఊహించొద్దు, లెక్కగట్టాలి. స్ట్రోకులో సగం 1.875, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్డు 5.700, పిస్టన్ కంప్రెషన్ హైట్ (పిస్టన్ పిన్ను మధ్య నుంచి పైభాగం దాకా) 1.425. కూడితే 9.000. బ్లాక్ ఎత్తు (క్రాంక్ మధ్య నుంచి పైతలం దాకా) 9.025. అంటే పిస్టన్ 25 థౌ కిందే ఆగిపోతుంది. దాని మీద 40 థౌ గ్యాస్కెట్ పడితే పిస్టన్‌కీ హెడ్ చదును భాగానికీ మధ్య 65 థౌ. ఇది ఎక్కువ. పిస్టన్ పైకొచ్చేటప్పుడు ఆ ఇరుకులోని గాలి-పెట్రోలు మిశ్రమం విసురుగా బయటికి తన్నుకొచ్చి ఛాంబర్‌ని కలియబెట్టాలి. దీన్ని క్వెంచ్ అంటారు. అది సరిగా పనిచేయాలంటే మొత్తం సందు 40 థౌ చుట్టుపక్కల ఉండాలి. బ్లాక్ పైతలాన్ని 20 థౌ మిల్లింగ్ చేయిస్తే 45కి దిగుతుంది.

16 సీసీ గుంట ఉన్న పిస్టన్‌తో రెండు లెక్కలూ చేసి చూడండి. మిల్లింగ్ లేకుండా ఖాళీల మొత్తం 93.9 సీసీ, కంప్రెషన్ (783.9 + 93.9) ÷ 93.9 = 9.35. మిల్లింగ్ చేస్తే 89.7 సీసీ, కంప్రెషన్ 9.74. చాలామంది నాకింగ్‌కి (మిశ్రమం తనంతట తానే పేలిపోవడానికి) భయపడి మొదటిదాన్నే ఎంచుకుంటారు. కానీ క్వెంచ్ సరిగా ఉన్న 9.74 ఇంజనే నాకింగ్‌ని బాగా తట్టుకుంటుంది, పవరూ ఎక్కువ ఇస్తుంది. అదే చోట 5 సీసీ వాల్వ్ గాట్లు మాత్రమే ఉన్న ఫ్లాట్ టాప్ పిస్టన్ వేస్తే కంప్రెషన్ 11 అవుతుంది. పోత ఇనుప హెడ్డుతో, బంకు పెట్రోలుతో అది వద్దు.

పెట్రోలు దగ్గర మనవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో చెప్పే ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) ఆర్‌ఓఎన్ పద్ధతిది. అమెరికా పంపు మీద కనిపించే అంకె ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అనే రెండు పరీక్షల అంకెల సగటు. అక్కడి 87 మన లెక్కలో దాదాపు 91. కాలిఫోర్నియాలో మామూలుగా దొరికే ప్రీమియం 91 అంటే మన లెక్కలో 95 పైమాటే. నేను ఈ ప్లానులో 9.74 ఎంచుకున్నది ఆ ప్రీమియం 91ని దృష్టిలో పెట్టుకునే.

క్యామ్‌ని విడిగా చూడకండి. కంప్రెషన్, యాక్సిల్ రేషియో, క్యామ్ మూడుకాళ్ల ముక్కాలిపీట లాంటివి, ఒక కాలు పొడుగైతే కూర్చోలేం. డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే కాలం, క్రాంక్ డిగ్రీల్లో) పెరిగేకొద్దీ ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, తక్కువ ఆర్‌పీఎంలో మిశ్రమం కొంత వెనక్కి పోతుంది, కింది టార్క్ పడిపోతుంది. ఐడిల్‌లో వాక్యూమ్ కూడా తగ్గుతుంది. పవర్ బ్రేకులు ఆ వాక్యూమ్ మీదే ఆధారపడతాయి. మన 383కి 50 థౌ లిఫ్ట్ దగ్గర (ట్యాపెట్ 50 థౌ లేచిన చోటు నుంచి) కొలిచిన డ్యూరేషన్ 220 నుంచి 230 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులను లేపే క్యామ్ ఉబ్బుల మధ్య కోణం) 110 నుంచి 112 సరిపోతుంది. ఐడిల్ చప్పుడు కోసం 245 వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఫ్లాట్ ట్యాపెట్ (క్యామ్ మీద జారుతూ వాల్వ్‌ని లేపే ముక్క) కంటే చక్రంతో దొర్లే రోలర్ ట్యాపెట్లకు డబ్బు పెట్టండి. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి జింక్ ఎక్కువున్న ఆయిలూ కావాలి, మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడిల్‌కి దింపకుండా 2,000 ఆర్‌పీఎం పైన దాదాపు 20 నిమిషాలు నడపడమూ కావాలి.

ఇక యాక్సిల్. గంటకు మైళ్లు × రేషియో × 336 ÷ టైరు ఎత్తు, ఇది మీ ఆర్‌పీఎం. 26 అంగుళాల టైరు, 65 మైళ్ల వేగం, 3.73 రేషియో అయితే 3,130. 4.10 అయితే 3,440, హైవే మీద గంటసేపు చెవులు హోరెత్తుతాయి. 3.73 ఉంచుకుని, నాలుగో గేరు 0.70 ఉన్న 700ఆర్4 గేరుబాక్సు వేస్తే 2,190కి దిగుతుంది. డబ్బులుంటే ఇంజన్ మీద మరో 30 హార్స్‌పవర్ కోసం పెట్టేబదులు ఈ ఓవర్‌డ్రైవ్ మీద పెట్టండి.

కార్బురేటర్ చిన్న లెక్క: 383 × 6,000 ÷ 3,456 = 665, అందులో 90 శాతం 598 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని క్యూబిక్ అడుగుల గాలి). 650ది హాయిగా చాలు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ డ్యూయల్ ప్లేన్ (గాలి దారులు రెండు అంతస్తుల్లో ఉన్నది), హెడ్ ఇన్‌టేక్ పోర్టు 180 నుంచి 195 సీసీ మధ్య.

ఇంటిపని: మీ బండి అంకెలతో ఈ లెక్కలన్నీ ఒక్క పేజీలో చేయండి. గ్యాస్కెట్ మందం, పిస్టన్ గుంట, హెడ్ ఛాంబర్ మూడూ ఒక్కొక్కటిగా మార్చి, కంప్రెషన్ 9.5కీ 10కీ మధ్య నిలబడే కలయికలు కనీసం మూడు పట్టుకోండి. వాటిలో క్వెంచ్ 50 థౌ దాటినవి కొట్టేయండి. వచ్చే పాఠంలో బ్లాక్‌తో మెషిన్ షాపుకి వెళ్తాం. అక్కడ పొడుగు స్ట్రోకు క్రాంక్ తిరగడానికి బ్లాక్ అడుగు అంచు ఎక్కడ గ్రైండింగ్ చేయాలో, రాడ్డు బోల్టు క్యామ్‌కి తగలకుండా ఎలా చూసుకోవాలో, బ్యాలెన్సింగ్‌కి ఏమేం ఇవ్వాలో చూద్దాం. ఈ పేజీ జిరాక్స్ ఒకటి మెషినిస్టు చేతికిచ్చి, బోరింగ్ మొదలుపెట్టకముందే ఆయనతో కూర్చుని ప్రతి అంకె చదివించండి.