స్వరపత్రం వెతకాలంటే ఓపస్ సంఖ్య

మా అమ్మాయి పియానో పాఠానికి ‘బేతోవెన్ సొనాటా’ అని వెతికి, వేరేదేదో పన్నెండు పేజీలు ముద్రించుకొచ్చాను. ఆయనవి 32 పియానో సొనాటాలున్నాయి మరి!

ఇప్పుడు పేరు పక్కన ఓపస్ సంఖ్య, అంటే స్వరకర్త రచనలకు వేసే సంఖ్య, కూడా కొడుతున్నాను. లాటిన్‌లో ఓపస్ అంటే పని, రచన. ఇంగ్లీషు స్వరపత్రాల మీద పొట్టిగా ‘ఓపీ’ అని ఉంటుంది. ‘మూన్‌లైట్’ సొనాటా కావాలంటే ‘ఓపస్ 27, నంబర్ 2’ అని పూర్తిగా కొట్టాలి. నంబర్ వదిలేస్తే అదే ఓపస్‌లోని మొదటి సొనాటా చేతికి రావచ్చు, అది వేరే రచన.

బాఖ్, మొజార్ట్‌లకు ఇది పనిచేయదు. వాళ్ల రచనల జాబితాల్లోని సంఖ్యలు చూడాలి: బాఖ్‌కు బీడబ్ల్యూవీ, మొజార్ట్‌కు కే. ఓపస్‌లు ఎక్కువగా అచ్చైన వరుసలో వేసినవి, కాబట్టి వాటిని బట్టి ఏది ముందు రాశారో లెక్కగట్టకండి. షోపాన్ రెండో పియానో కాన్సర్టో (పియానో, వాద్యబృందం కలిసి వాయించే రచన, ఓపస్ 21) మొదటిదాని (ఓపస్ 11) కంటే ముందు రాసినదే.