టీవీలో ఓటీటీ యాప్ మాటిమాటికీ క్రాష్ అవుతోందా? క్లియర్ డేటా జోలికి వెళ్లేముందు ఇవి చేయండి

ముందు అది క్రాషో కాదో తేల్చుకోండి. బొమ్మ ఆగిపోయి మధ్యలో చక్రం గిర్రున తిరుగుతుంటే అది క్రాష్ కాదు, నెట్ నెమ్మదించింది. యాప్ తెరిచే ఉండి ఏదో ఎర్రర్ కోడ్ చూపిస్తుంటే అదీ క్రాష్ కాదు. ప్లాన్ గడువు తీరడమో, ఒకే ఖాతాలో ఎక్కువమంది చూడటమో, సర్వర్ గొడవో అయి ఉంటుంది. సినిమా నడుస్తూ నడుస్తూ తెర నల్లబడి, మీరేమీ నొక్కకుండానే టీవీ హోమ్ స్క్రీన్‌కి వచ్చేసిందా? లేదా ఫలానా యాప్ ఆగిపోతూనే ఉందని చిన్న పెట్టె కనబడిందా? అదీ క్రాష్. మా చుట్టాల్లో చాలామంది ఈ మూడింటికీ కలిపి "యాప్ పాడైంది" అనే ఫోన్ చేస్తారు. ఫోన్ చేసేలోపు చేతికందిన బటనల్లా నొక్కేసి ఉంటారు, అసలు బాధ అక్కడ.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీల గురించి. శాంసంగ్, ఎల్‌జీ, ఫైర్ స్టిక్ వాళ్లకు తేడా ఉన్నచోట చెబుతాను.

ఎందుకు మూసుకుపోతుంది

షోరూమ్‌లో 43 అంగుళాలు, 4కే అని చూసి కొంటాం. లోపల ర్యామ్, అంటే యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ, ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. చవక టీవీల్లో 1 జీబీ, 1.5 జీబీ ర్యామ్‌తో, 8 జీబీ స్టోరేజ్‌తో సరిపెట్టేస్తారు. ఆ ఎనిమిదిలో పెద్ద వాటా సిస్టమే తినేస్తుంది. యాప్‌లేమో అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ బరువెక్కుతుంటాయి. ర్యామ్ చాలనప్పుడు ఆండ్రాయిడ్ ముందు వెనకాల నడుస్తున్న యాప్‌లను మూస్తుంది, అప్పటికీ చాలకపోతే మీరు చూస్తున్నదాన్నే మూసేస్తుంది. కొన్న కొత్తలో హాయిగా నడిచిన టీవీ మూడేళ్లకు మొరాయించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ముందుగా తేలిక పనులు

టీవీని నిజంగా ఆపండి. రిమోట్‌లో ఎర్ర బటన్ నొక్కితే టీవీ ఆగదు, కునుకు తీస్తుంది అంతే. వెనకాల అన్నీ అలాగే ఉంటాయి. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. శాంసంగ్ అయితే రిమోట్‌లో పవర్ బటన్‌ని టీవీ ఆగి మళ్లీ వెలిగేదాకా నొక్కి పట్టుకోండి. ఎల్‌జీలో క్విక్ స్టార్ట్ ప్లస్ అనే ఆప్షన్ ఉంటే ఆపేయండి, అది ఉన్నంతకాలం టీవీ పూర్తిగా ఆగదు. ఫైర్ స్టిక్‌లో సెలెక్ట్, ప్లే బటన్లు రెండూ కలిపి అయిదు సెకన్లు పట్టుకుంటే రీస్టార్ట్ అవుతుంది. సగం కేసులు ఇక్కడే తీరిపోతాయి.

సెట్టింగ్స్‌లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా చూసి ఆటోమేటిక్‌లో పెట్టండి. తేదీ తప్పుంటే సర్వర్ సర్టిఫికెట్ (అది అసలు సర్వరే అని చెప్పే, గడువు ఉండే డిజిటల్ గుర్తింపు) చెల్లదని యాప్ లోపలికే వెళ్లనివ్వదు.

తర్వాత స్టోరేజ్. కనీసం ఒక జీబీ ఖాళీ లేని టీవీలో నేను వేరే రిపేరు మొదలే పెట్టను. మీరూ పెట్టకండి. పిల్లలు ఎక్కించిన గేములు, ఒక్కసారి తెరిచి వదిలేసిన ఉచిత ఛానళ్ల యాప్‌లు తీసేయండి. జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ అయ్యాయి, అయినా పాత జియోసినిమా ఐకాన్ వేలాడుతున్న టీవీలు ఇప్పటికీ కనిపిస్తాయి. అలాంటివన్నీ పోవాలి. కంపెనీ ముందే వేసి పంపిన యాప్‌లు పోవు కాబట్టి, వాటికి అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ కొట్టి ఆ తర్వాత డిజేబుల్ చేయండి.

క్లీనర్ యాప్‌లు, బూస్టర్ యాప్‌లు మాత్రం ఎవరెంత చెప్పినా వేయకండి. చోటు లేదని ఏడుస్తున్న టీవీలో ఇంకో యాప్ ఎక్కించడం ఏం తెలివి? అది ర్యామ్ ఖాళీ చేశానని చూపించే అంకె మీ కళ్లకు ఆనందం, మధ్యలో యాడ్‌లు దానికి ఆదాయం. ఒక వీడియోలో ఎవరో చెప్పారని డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 'డోంట్ కీప్ యాక్టివిటీస్' ఆన్ చేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. దాన్ని ఆన్ చేస్తే మీరు ఒక స్క్రీన్ నుంచి బయటికి రాగానే ఆండ్రాయిడ్ దాన్ని మూసేస్తుంది. జబ్బు తగ్గించుకుందామని వెళ్లి తెచ్చిపెట్టుకోవడమే. మీ టీవీలో అది ఆన్‌లో ఉంటే ముందు ఆపండి.

అప్‌డేట్లు, వెబ్‌వ్యూ

టీవీలో ప్లే స్టోర్ తెరిచి ఆ యాప్‌కి అప్‌డేట్ ఉందేమో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అప్‌డేట్ కూడా. ఇది అందరూ చెప్పేదే.

ఎవరూ చెప్పనిది ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ. చాలా యాప్‌లు లాగిన్ పేజీలను, డబ్బు కట్టే పేజీలను చూపించడానికి దీన్నే వాడుకుంటాయి. 2021 మార్చి 22, 23 తేదీల్లో దీనికి వచ్చిన ఒక చెడ్డ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లు ఉన్నపళంగా మూసుకుపోయాయి. జీమెయిల్ కూడా. జనం ఫోన్లు రీసెట్ చేసుకున్నారు, యాప్‌లు తీసి మళ్లీ వేసుకున్నారు. చివరికి గూగుల్ వెబ్‌వ్యూకీ క్రోమ్‌కీ కొత్త అప్‌డేట్ ఇస్తేగానీ సర్దుకోలేదు. కాబట్టి ఒకే రోజు రెండు మూడు యాప్‌లు కలిసి క్రాష్ అవడం మొదలైతే తప్పు ఆ యాప్‌లది కాదు, మీదీ కాదు. వెబ్‌వ్యూ అప్‌డేట్ చేసి చూడండి, కాకపోతే ఒక రోజు చేతులు కట్టుకుని కూర్చోండి. పెద్ద క్రికెట్ మ్యాచ్ నడుస్తున్న రాత్రి ఒక్క ఆ యాప్ మాత్రమే ఇబ్బంది పెడుతున్నా అంతే. ఆ గంటలో చేసే రిపేరు ఏదీ లెక్కలోకి రాదు.

అసలు జాగ్రత్త పడాల్సిన చోటు

పైవన్నీ అయ్యాక కూడా క్రాష్ అవుతుంటే సెట్టింగ్స్, యాప్స్, సీ ఆల్ యాప్స్, అందులో మీ యాప్. ఇక్కడ ఒక వరుస కనిపిస్తుంది. ముందు ఫోర్స్ స్టాప్ నొక్కి ఓకే చేయండి. అక్కడి నుంచి రిమోట్‌ని నెమ్మదిగా వాడాలి, ఒక్కో నొక్కుకీ తెర వైపు చూస్తూ.

ఎందుకంటే చాలా టీవీల్లో క్లియర్ డేటా, క్లియర్ క్యాష్ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైగా డేటాయే పైన. మనకు కావలసింది కిందిది. పాత రిమోట్‌లో కింది బాణం ఒకసారి నొక్కితే పనిచేయదు, ఇంకోసారి గట్టిగా నొక్కితే రెండు మెట్లు దిగుతుంది. తీరా ఓకే కొట్టేసరికి ఏది వెలుగుతోందో చూసుకోరు. 'ఓకే, క్యాన్సిల్' అని అడిగే పెట్టె వచ్చినప్పుడైనా పైన ఏముందో చదవండి. క్యాష్ అని లేకపోతే వెనక్కి వచ్చేయండి.

రెండింటికీ తేడా ఇది. క్యాష్ అంటే పోస్టర్ బొమ్మలు, తాత్కాలిక ఫైళ్లు. పోయినా యాప్ మళ్లీ తెచ్చుకుంటుంది, లాగిన్ చెక్కుచెదరదు. పాడైన తాత్కాలిక ఫైలే క్రాష్‌కి కారణమైతే దీనితోనే కుదుటపడుతుంది. డేటా తీసేస్తే యాప్ అప్పుడే కొత్తగా వేసినట్టు అయిపోతుంది. లాగిన్, సెట్టింగ్స్ అన్నీ పోతాయి. ఫోన్‌లో అయితే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న సినిమాలు కూడా పోతాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కబోయే ముందు ఇది చేసి, దారంతా సిగ్నల్ లేక కిటికీ చూస్తూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. మీరు ఎంతవరకు చూశారన్న లెక్క మాత్రం చాలా యాప్‌ల్లో సర్వర్‌లో ఉంటుంది, దాని గురించి టెన్షన్ వద్దు.

లాగిన్ పోతే మళ్లీ చేసుకోలేమా అంటారు. మన ఇళ్లలో ఆ లాగిన్ ఎవరిదో ఒక్కసారి ఆలోచించండి. టీవీ అమలాపురంలో ఉంటుంది. ఖాతా డల్లాస్‌లో ఉన్న కొడుకు ఎప్పుడో సెలవులకు వచ్చినప్పుడు తన పాత ఇండియా నంబరుతో తెరిచి ఉంటాడు. ఆ సిమ్ రీచార్జి లేక మూలపడి ఉంటుంది, లేదా నంబరే రద్దయి ఇంకెవరి దగ్గరికో వెళ్లిపోయి ఉంటుంది. ఓటీపీ వెళ్లేది దానికే. నంబరు బతికే ఉన్నా, ఇక్కడ మధ్యాహ్నం సీరియల్ పెట్టుకుందామనుకునే వేళకి అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఇంకో రకం, బ్రాడ్‌బ్యాండ్ లేదా మొబైల్ ప్లాన్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఓటీటీ. దానికి ప్లాన్ ఏ నంబరు మీద ఉందో ఆ నంబరుతోనే లాగిన్ అవ్వాలి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే అది ఏదో ఎవరికీ గుర్తుండదు.

అందుకని డేటా మీద చెయ్యి వేసేముందు ఇది చేయండి. ఎలాగోలా యాప్ తెరవండి, క్రాష్ అయ్యేలోపు ఒక నిమిషమైనా దొరుకుతుంది. నేరుగా ప్రొఫైల్ లేదా మై అకౌంట్ పేజీకి వెళ్లండి. అక్కడ ఫోన్ నంబరు చివరి అంకెలో, మెయిల్ ఐడీలో కొంత భాగమో, ప్లాన్ పేరో కనిపిస్తాయి. చేతిలో ఫోన్‌తో ఆ తెరను ఫొటో తీసుకోండి. కాగితం మీద రాసుకుంటాను అనకండి, ఆ కాగితం దొరకదు. ఆ నంబరు ఎవరిదో ఇంట్లో తేల్చండి. ఆ ఫోన్ మీ పక్కన ఉన్నప్పుడే, లేదా ఆ మనిషి లైన్‌లో ఉన్నప్పుడే ముందుకు వెళ్లండి. యాప్ అసలు తెరుచుకోకపోతే అదే ఖాతాతో ఇంకో ఫోన్‌లో ఎవరైనా లాగిన్ అయి ఉన్నారేమో కనుక్కోండి, వివరాలు అందులో చూడొచ్చు. ఇవేవీ కుదరకపోతే డేటా తీయకండి. రోజుకు రెండుసార్లు మూసుకుపోయే యాప్ నయం, అసలు తెరుచుకోని యాప్ కన్నా.

ఈ పని పొద్దున పూట పెట్టుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఇంటిల్లిపాదీ వెనకాల నిలబడి "అయిందా, అయిందా" అంటుంటే ఎవరికైనా చెయ్యి జారుతుంది.

మళ్లీ లాగిన్ అయ్యేటప్పుడు రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టకండి. టీవీ మీద క్యూఆర్ కోడో, అంకెల కోడో వస్తుంది, ఆ సైట్‌లో ఫోన్ నుంచి లాగిన్ అయి దాన్ని ఇస్తే సరిపోతుంది. అక్కడ చిక్కుకుపోతే మాత్రం గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతకొద్దు. టీవీ యాక్టివేషన్ పేరుతో డబ్బు గుంజే దొంగ నంబర్లు బోలెడు. యాప్‌లోని హెల్ప్ పేజీ నుంచే వెళ్లండి, ఓటీపీ ఫోన్‌లో ఎవరికీ చదివి వినిపించకండి.

యాప్ తీసేయడం, ఫ్యాక్టరీ రీసెట్

యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేయడమంటే డేటా తీయడమే, ఇంకాస్త రిస్కుతో. పాత టీవీలో ఉన్న వెర్షన్‌ని మీరు తీసేశాక, ఈ టీవీకి ఈ యాప్ సరిపడదని ప్లే స్టోర్ అనొచ్చు. అప్పుడు చాలామంది పెన్‌డ్రైవ్‌లో ఫోన్ ఏపీకే, అంటే ఫోన్ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు, తెచ్చి ఎక్కిస్తారు. అది వేలితో తాకే తెర కోసం చేసింది, రిమోట్‌కి సరిగా పలకదు, మళ్లీ క్రాష్ అవుతుంది. ఎక్కడి నుంచి దించారో తెలియని ఏపీకేలో ఏముందో అంతకన్నా తెలియదు.

ఫ్యాక్టరీ రీసెట్‌ని అందరూ ఆఖరి అస్త్రం అంటారు. నా పద్ధతిలో ఒక్క యాప్ కోసం రీసెట్ లేనే లేదు. 2025 మార్చి 9న రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (ఫోన్‌లోని వీడియోని టీవీలో చూపించడానికి టీవీకి తగిలించే గూగుల్ పరికరాలు) ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. లోపల ఉన్న సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, వాడేవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. రీసెట్ చేయొద్దని గూగులే చెప్పింది. ఓపిక పట్టినవాళ్లకు అప్‌డేట్ రాగానే అదే సర్దుకుంది. ఆత్రపడి రీసెట్ కొట్టినవాళ్లు మళ్లీ సెటప్ చేసుకోలేక ఇంకో అప్‌డేట్ దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇంత చేసినా ఆ ఒక్క యాప్ నిలవకపోతే టీవీ మార్చనక్కర్లేదు. 1 జీబీ ర్యామ్ టీవీకి 2 జీబీ ర్యామ్ ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే చాలు, టీవీ ఇక తెరగా మాత్రమే పనిచేస్తుంది. స్టిక్‌కి కరెంటు మాత్రం టీవీ వెనక యూఎస్‌బీ పోర్ట్ నుంచి ఇవ్వకండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది అర ఆంపియర్, స్టిక్‌తో వచ్చే అడాప్టర్ ఇచ్చేది ఒక ఆంపియర్ లేదా అంతకు ఎక్కువ. తేడా చాలక సినిమా మధ్యలో స్టిక్ మొత్తం రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ యాప్ పాడైందనే అంటారు. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్‌కి పెట్టండి, వైరు అందకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొనుక్కోండి.