వరుస ఇళ్లు: ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

టౌన్‌హోమ్, అంటే పక్క గోడలు ఆనించి కట్టే వరుస ఇళ్ల, లేఅవుట్ గీసేముందు ఒక్కో ఇంటి వెడల్పు తేల్చుకోండి. మిగతా లెక్కలన్నీ దాని వెనకే వస్తాయి. 16 అడుగుల వెడల్పు, 32 అడుగుల లోతు పెట్టుకుంటే రెండంతస్తులకు, గోడలతో కలిపి, 1,024 చదరపు అడుగులు. మూడు చిన్న పడకగదులు పడతాయి. ఇలాంటి ఆరిళ్లు విడివిడిగా కడితే అంతస్తుకు 576 అడుగుల గోడ లేపాలి. ఒకే వరుసలో ఆనించి కడితే 416 అడుగులు చాలు. ఇళ్ల మధ్య సందులకు పోయే స్థలమూ మిగులుతుంది. వెడల్పు ఇంకా తగ్గించాలనే ఆశ మాత్రం వద్దు, మెట్లూ నడవా కలిసి గదుల్ని మింగేస్తాయి.

నడిమి ఇళ్లకు వెలుతురు ముందూ వెనకా నుంచే రావాలి. అందుకే లోతు 35 అడుగులు దాటనివ్వకండి. మెట్లు, బాత్‌రూమ్ మధ్యలో పెట్టి, మెట్ల మీద స్కైలైట్ (కప్పులో అద్దపు కిటికీ) ఇవ్వండి.

పొదుపు పేరుతో ముట్టుకోకూడనిది ఉమ్మడి గోడ. పక్కింటి టీవీ వినిపిస్తే ఇల్లు ఎంత చవకైనా ఉండబుద్ధి కాదు. కనీసం 9 అంగుళాల ఇటుక గోడ, ఇటుకల మధ్య సిమెంటు మోర్టార్ సందుల్లేకుండా నిండి, రెండు వైపులా ప్లాస్టర్ ఉండాలి. స్విచ్ బాక్సులు వీపూ వీపూ కలిసేలా బిగిస్తే శబ్దం నేరుగా దూరుతుంది, రెండడుగులైనా జరపండి. ఈ గోడను కొట్టి పైపులు వేయనివ్వకండి. వాలు కప్పు అయితే గోడ సీలింగ్ దగ్గర ఆగిపోకుండా కప్పుకు తగిలేదాకా వెళ్లాలి. లేకపోతే శబ్దమే కాదు, మంట కూడా అటక మీదుగా పక్కింటికి పాకుతుంది.

పక్కపక్క ఇళ్ల ప్లాన్లను అద్దంలో బొమ్మలా తిప్పితే రెండు బాత్‌రూములకు ఒకే డక్ట్ (పైపులు దిగే నిలువు సందు) సరిపోతుంది. మనిషి దిగి పనిచేసేంత వెడల్పుండాలి సుమా. అయితే ఒకరి మెట్లు, టాయిలెట్ మరొకరి పడకగది గోడకు తగలకుండా చూసుకోండి. డ్రైనేజీ మెయిన్ లైన్ ముందు వీధిలోనే పోవాలి. పెరట్లోంచి వేస్తే నాలుగేళ్లకు మ్యాన్‌హోల్ మీద టైల్స్ పడతాయి, పూడిక తీసే దారి ఉండదు.

ఇక కార్లు. ఒక కారుకు ఎనిమిది అడుగులు కావాలి, అంటే ఇంటి ముఖంలో సగం. ప్రతి ఇంటి ముందూ పార్కింగ్ ఇస్తే ముందు గదికి కిటికీ మిగలదు, ఫుట్‌పాత్ ప్రతి 16 అడుగులకూ తెగుతుంది, పిల్లలు వెనక్కి వచ్చే కార్ల మధ్య ఆడుకుంటారు. కార్లన్నీ వరుస చివర ఒకచోట చేర్చి, ముందు భాగం నడకకు వదలండి. సామాను దింపడానికీ, అంబులెన్స్, ఫైరింజన్ రావడానికీ దారి మాత్రం ఖాళీగా ఉండాలి.

వంటగది కిటికీ ఈ నడక దారి వైపే పెట్టండి. పసిపిల్లలు ఆడే చోటు అక్కడి నుంచి కనబడాలి, పిలిస్తే వినబడాలి. ప్లాట్లకు పనికిరాక మిగిలిన మూలను పార్కు అని రాసేస్తే అక్కడికి ఎవరూ వెళ్లరు. బంతాట ఆడే పెద్దపిల్లల స్థలం కాస్త దూరంగా, కిటికీలకు ఎడంగా ఉంచండి.