సబ్‌వూఫర్ సరౌండ్ మార్చిన పద్ధతి

12 అంగుళాల కార్ సబ్‌వూఫర్ వాల్యూమ్ పెంచగానే పటపటమంటోంది. గ్రిల్ తీస్తే ఫోమ్ సరౌండ్ (గరాటులా ఉండే కోన్ అంచుని ఫ్రేమ్‌కి కలిపే మెత్తని రింగు) గోరు తగిలితే చాలు, పొడిపొడిగా రాలుతోంది. కోన్‌ని కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, బాగానే ఉంది కాబట్టి సరౌండ్ ఒక్కటే మార్చాను.

కొనేముందు కోన్ వ్యాసం, ఫ్రేమ్ అంచు వ్యాసం, సరౌండ్ ఉబ్బు వెడల్పు మూడూ కొలవాలి. 12 అంగుళాలన్న లెక్క ఒక్కటే చాలదు. లావుపాటి ఉబ్బు చూడ్డానికి దర్జాగా ఉంటుంది, కోన్‌ని ఎక్కువ దూరం కదలనిస్తుంది కూడా. కానీ అదే ఫ్రేమ్‌లో కోన్ వైశాల్యాన్ని తినేస్తుంది, చోటు చాలకపోతే గ్రిల్‌కి కొట్టుకుంటుంది. రబ్బరు సరౌండ్ ఫోమ్ కంటే బరువెక్కువ, సెన్సిటివిటీ (అదే పవర్‌కి వచ్చే శబ్దం) కాస్త తగ్గుతుంది. అయినా ఎండలో కాగే కారుకి నా ఓటు రబ్బరుకే.

పాత జిగురు గీకేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. కోన్ మధ్యలో ఉండే మూత, అంటే డస్ట్ క్యాప్, కోసి, కాయిల్ సందులో నాలుగు పక్కలా సన్నని ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కలు దూర్చాను. ఇది ఎగ్గొడితే కాయిల్ పక్కకు జరిగి రాసుకునే ప్రమాదముంది. కొత్త సరౌండ్‌ని ముందు కోన్‌కి అతికించి, అది ఆరాకే ఫ్రేమ్‌కి. సూపర్ గ్లూ వద్దు, గట్టిపడి పగులుతుంది.

పూర్తిగా ఆరాక ముక్కలు లాగి, కోన్‌ని వేళ్లతో సమంగా నొక్కితే గరగర లేదు. కొత్త క్యాప్ అతికించి 30 హెర్ట్జ్ టోన్ పెడితే ఒకచోట బుసబుస. అక్కడ జిగురు అందలేదు. కొంచెం పూసి క్లిప్ బిగించాక ఆగిపోయింది.